విరిగిన ముక్కు

మా పక్కింటి నోలీన్‌కు డెబ్బై దాటాయి. పెర్త్ రోడ్డు మీద బండ్లు తగిలి రెక్క విరిగిన నల్ల కాకటూ చిలుక ఎవరికి కనబడినా, పాత దుప్పట్లో చుట్టి ఆమె గుమ్మంలోకే తెస్తారు. మా ఆయన క్లెమ్ పోయిన నెలకు ఆమె మా వంటింటి తలుపు దగ్గర నిలబడి, "గోడలు చూస్తూ కూర్చుంటే క్లెమ్ వస్తాడా? రా, నా పంజరాలు ఊడుద్దువుగాని," అంది. చీపురు కూడా ఆమే తెచ్చింది.

అప్పుడు ఆమె దగ్గర ఒక ఆడపక్షి ఉండేది. తోకలో తెల్ల పట్టీ, చెంప మీద తెల్ల మచ్చ. మా వైపు రెండు జాతులకు అవే గుర్తులు. తేడా అంతా ముక్కులోనే. ఒకదానిది పొట్టిగా వెడల్పుగా ఉంటుంది, రెండోదానిది సన్నగా పొడుగ్గా కిందికి దిగుతుంది. పొట్టి ముక్కువి సముద్రం వైపు పైన్ తోటల్లో గుంపు కడతాయి. పొడుగు ముక్కువి మా కొండ మీది రెడ్‌గమ్ చెట్లను వదలవు. తనది కాని గుంపులో వదిలితే పక్షి ఒంటరిదైపోతుందని నోలీన్ బెంగ.

దీన్ని పొట్టి ముక్కుదే అనుకుంది. మర్నాడు పైన్ తోటకు పంపడానికి పెట్టె కూడా సిద్ధం చేసింది. ఆమె తమ్ముడు కెల్విన్‌కు పట్టరాని సంతోషం. గింజల కోసం అతని పియర్ తోటలో కాయలు చీల్చి పోసేవి పొడుగు ముక్కువే మరి.

నేను దాని పంజరంలో చెత్త ఎత్తి బుట్టలో పోయబోతుంటే నోలీన్ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగవే. ఆ కాయలు చూడనీ."

రెడ్‌గమ్ కాయ చిన్న కూజాలా ఉంటుంది. పొట్టి ముక్కుది అంచు కొరికితే గాని గింజ తియ్యలేదు. పొడుగు ముక్కుది లోపలికి దూర్చి లాగేస్తుంది. ఈ పక్షి వచ్చిన కొత్తలో మేతకు వేసిన కాయలన్నీ పిప్పి చేసేది. ఇవాళ్టివి అంచు చెదరకుండా ఖాళీ అయ్యాయి.

నోలీన్ కళ్ళజోడు తుడుచుకుని పంజరం ముందు చతికిలబడింది.

"బండి తగిలినప్పుడు కొస విరిగినట్టుంది. విరిగిన ముక్కు చూసి పొట్టిదనుకున్నాను. పెరుగుతోంది, చూడు."

కెల్విన్ వచ్చాడు. "పెట్టె ఎక్కించమంటావా అక్కా?"

"ఇంకా కొన్నాళ్ళు ఆగు. ముక్కు పూర్తిగా రానీ. తర్వాత మీ తోట పక్క కొండకి."

"నా మీద కోపముంటే నేరుగా తిట్టొచ్చుగా."

"అది ఆ కొండదిరా. నీ పియర్ల కోసం దాన్ని పరాయి వాళ్ళ మధ్య దింపమంటావా?"

"నా తోటలో భోంచేసి నీకు దణ్ణం పెడుతుందిలే."

"పెడితే పెట్టనీ. నువ్వు చెట్లకు వలలు కప్పుకో."

కెల్విన్ అలా అన్నాడే గాని, ముక్కు పెరిగాక పెట్టె మోసింది అతనే. మూత తీసిందీ అతనే. పక్షి రెడ్‌గమ్ చిటారు కొమ్మ చేరి, గుంపుకు కాస్త ఎడంగా కూర్చుంది. కాసేపటికి గుంపులోంచి ఒకటి కొమ్మ వెంట జరుగుతూ జరుగుతూ దాని పక్కకు వచ్చి, కాయలోంచి గింజలు లాగడం మొదలుపెట్టింది.

"ఆ పక్కకొచ్చింది నా దొంగల్లో పెద్దది," అన్నాడు కెల్విన్.

నోలీన్ ఫ్లాస్కు మూత తిప్పి, మొదటి కప్పు టీ నా చేతికిచ్చింది.