వంద మీటర్ల గీత, ఒక గొట్టం తుపాకీ

ఆ రోజుల్లో నాకు రూలు పుస్తకం మీద ఉన్నంత నమ్మకం ఇంకే మనిషి మీదా ఉండేది కాదు. మొన్న టీవీలో, అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో పోలింగు కేంద్రాల దగ్గరికి తుపాకులు తేకూడదని చట్టాలు ప్రతిపాదిస్తున్నారనీ, దానిమీద పెద్ద రభస అవుతోందనీ చెబుతుంటే మా ఇంట్లో అందరూ "ఇంకా చెయ్యలేదా!" అని ఆశ్చర్యపోయారు. నేను మాత్రం కాఫీ గ్లాసు పక్కన పెట్టి నవ్వడం మొదలెట్టాను. మన దగ్గర ఆ కట్టడి ఎప్పటినుంచో ఉంది. దాన్ని కొల్లేటి నడుమ ఒంటిచేత్తో అమలు చేసిన ఘనురాలిని నేనే (ఒంటిచేత్తో అన్నమాట అక్షరాలా నిజం, రెండో చేతిలో ఏముందో చెప్పడానికే వస్తున్నా).

అప్పటికి నాకు టీచరు ఉద్యోగం వచ్చి ఏడు నెలలు. ఎలక్షన్ డ్యూటీ అనగానే మా స్టాఫ్ రూములో సగం మందికి నడుం నొప్పులొచ్చాయి. నేను మాత్రం కొత్త చీర కట్టుకుని మరీ తాడేపల్లిగూడెంలో ట్రైనింగుకి వెళ్ళాను. నాకిచ్చింది ఓటరు వేలిమీద సిరా గుర్తు పెట్టే పని. పులిహోర పొట్లాలు తిని అందరూ కునికిపాట్లు పడుతున్న వేళ ట్రైనింగాయన రెండు మాటలన్నాడు. ఒకటి, కేంద్రానికి వంద మీటర్ల లోపల డ్యూటీ పోలీసులు తప్ప ఎవరూ ఆయుధంతో తిరగకూడదు. రెండు, సిరా సీసా మీ చెయ్యి దాటిందంటే మీ ఉద్యోగం చెయ్యి దాటినట్టే. రెండూ నోట్సులో రాసుకుని ఎర్రసిరాతో గీతలు కొట్టుకున్నాను. ఏలూరులో మా అమ్మ ఆ నోట్సు చూసి, "వేలికి సిరా పూయడానికి ఇంత చదువెందుకే?" అంది.

నాకు పడిన బూతు కొల్లేటికోట దగ్గర ఒక ఊళ్ళో చిన్న బడి. మా ప్రిసైడింగ్ ఆఫీసరుగారు నల్లజర్ల వైపు హెడ్మాస్టరు, నెమ్మదస్తుడు. సాయంత్రం అయిదింటికి పోలింగు ముగింపు. నాలుగున్నరకి లోపల ఒక్క ఓటరూ లేక ఆయన కాగితాలు సర్దుకుంటుంటే నేను కిటికీలోంచి చూస్తున్నాను. చెరువు గట్టు మీదుగా తెల్ల పంచె కట్టిన పెద్దాయన ఒకరు వస్తున్నారు. భుజం మీద బారెడు తుపాకీ! నేను ఎవరికీ చెప్పకుండా బయటికి పరుగెత్తి, సున్నంతో గీసిన వంద మీటర్ల గీత దగ్గర చేతులు బార్లా చాపి నిలబడ్డాను.

"ఆగండి తాతగారూ! ఆయుధంతో లోపలికి రాకూడదు."

"ఆయుధమేంటమ్మా? గొట్టం కదండీ ఇది. చెరువు మీద పిట్టల్ని తోలుకునేదండి."

నిజానికి అది ప్లాస్టిక్ పైపు. వెనకాల గ్యాసుపొయ్యి లైటరు బిగించారు. లోపల కార్బైడు ముక్క వేసి, నాలుగు నీటిచుక్కలు పోసి నొక్కితే ఢామ్మని పేలుతుంది, ఆ మోతకి చేపల కోసం దిగిన నీటికాకులు లేచిపోతాయి. గుండూ లేదు, తూటా లేదు. అయినా నేను వదలలేదు.

"పేలుతుందా, పేలదా?"

"పేలకపోతే పిట్ట లేవదు కదండీ మరి!"

"అయితే ఆయుధమే. ఇక్కడ కింద పెట్టి రండి."

"చెమ్మెక్కి పోద్దండి. మళ్ళీ పొద్దుగూకే ముందు పిట్టలు దిగుతాయండి. ఇది పేల్చడం రాక మా ఆవిడ అక్కడ పళ్ళెం వాయిస్తా నిలబడిందండి."

గీత అవతల చెరో పక్కన రెండు పార్టీల టెంట్లున్నాయి. వాళ్ళలో ఎవరికైనా ఇచ్చి రమ్మన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. "మీది మా ఊరు కాదు కదండీ. ఇటాళ్ళకిస్తే అటాళ్ళు నన్ను ఇటోణ్ణంటారు. అటాళ్ళకిస్తే ఇటాళ్ళు రేపు నా మొహం చూడరండి. ఎవరిచేతిలో పెట్టినా ఓటు చూపించేసినట్టే." ఇంట్లో పెట్టి రమ్మంటే, దోనెలో వెళ్ళి వచ్చేసరికి అయిదు దాటిపోతుందన్నాడు. గుమ్మం దగ్గరున్న కానిస్టేబుల్ని కేకేస్తే, "నేను గుమ్మం వదలకూడదు మేడమ్!" అని అక్కణ్ణించే అరిచాడు. (రూలు తెలిసిన మనిషి ఇంకొకడున్నాడని నాకు అప్పుడేం సంతోషం కలగలేదు.)

"పోనీ ఈసారికి మానెయ్యండి" అని నోరు జారాను. పెద్దాయన గొట్టం భుజం మార్చుకున్నాడు. "పోయిన ఎలచ్చన్లో నేను చచ్చిపోయానని పేరు కొట్టేశారమ్మా. ఎదురుగా నిలబడి బతికే ఉన్నాను బాబూ అంటే, కాయితం ఏదీ అన్నారండి. ఆరుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగి మళ్ళీ రాయించుకున్నాను. ఓటు వెయ్యకుండా ఈ గీత దగ్గర్నించి కదల్నండి."

నేనూ కదల్ను, ఆయనా కదలడు. గడియారం మాత్రం కదులుతోంది. నాకు సిగ్గేసింది. ఆయన్ని ఈసారి లేనివాణ్ణి చేసేది నేనే అవుతాను కదా! నోట్సంతా మనసులో తిరగేశాను. గీత అవతల పోలింగు సిబ్బంది తుపాకీ పట్టుకోకూడదని ఎక్కడా రాసుకోలేదు. "ఇటివ్వండి, నేను పట్టుకుంటాను. మీరెళ్ళి ఓటేసి రండి" అని గీత దాటి అవతల నిలబడ్డాను. రెండు టెంట్లవాళ్ళూ లేచి నిలబడి చూస్తున్నారు.

ఆయన లోపలికెళ్ళిన అయిదు నిమిషాలకి మా రూటులో బూతులన్నీ తిరిగి చూసే అధికారిగారి జీపు వచ్చి నా పక్కనే ఆగింది. మెడలో బ్యాడ్జీ, భుజానికి తుపాకీతో నన్ను చూసి ఆయన దిగడానికి కాసేపు సందేహించారు.

"ఏవండీ, ఏమిటిది?"

"వంద మీటర్ల నిబంధన అమలు చేస్తున్నానండి."

"ఆ రెండో చేతిలో?"

చూసుకున్నాను. సిరా సీసా. చెయ్యి దాటకూడదన్నారని పరుగులో కూడా దాన్ని వదల్లేదు. సరిగ్గా అప్పుడే కానిస్టేబుల్ కేక వినిపించింది. "మేడమ్! సిరా! లోపల తాతగారు వేలు చాపుకుని నిలబడ్డారు! పోలింగు ఆగిపోయింది!"

తుపాకీతో నేను లోపలికి వెళ్ళకూడదు, నేను లేనిదే సిరా వెళ్ళదు, సిరా లేనిదే ఓటు లేదు. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను. "సార్, గీత ఇవతలే ఉండండి. లైటరు నొక్కకండి" అని గొట్టం అధికారిగారి చేతిలో పెట్టి పరుగెత్తాను. లోపల పెద్దాయన ఎడమచెయ్యి చాపి, కుడిచేత్తో దాన్ని ఊతగా పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. పరుగెత్తుకొచ్చిన ఊపులో మొదటి కణుపు దాకా పడాల్సిన గీత రెండో కణుపు దాకా పోయింది. "క్షమించండి తాతగారూ" అన్నాను. "పెద్దదే పెట్టండమ్మా. దూరం నుంచి కూడా కనపడాలి" అన్నాడాయన. మెషిన్ కుయ్‌మంది. మా హెడ్మాస్టరుగారు నావైపోసారి, గడియారం వైపోసారి చూసి మళ్ళీ కాగితాలు సర్దుకోసాగారు. ఇంకా పావుగంట ఉంది.

ఆ తరవాత నాకు మెమో వచ్చింది. పనిచేసే చోటు విడిచి వెళ్ళినందుకు సంజాయిషీ అడిగారు, రెండు పేజీలు రాసిచ్చాను. ఇప్పుడు నేనే ప్రిసైడింగ్ ఆఫీసర్ని. అలాంటి గొట్టంతో ఎవరైనా వస్తే నీళ్ళ కుండ పక్కన పెట్టి రమ్మని, చూడనట్టు ఊరుకుంటానేమో. అప్పటి నాలోని ఆ పిల్ల మాత్రం ఒప్పుకునేది కాదు. కొత్త చీరకి సిరా మరకలతో, మెమో వస్తుందని తెలిసి కూడా, తిరిగివెళ్ళే బస్సులో తాతగారి ఓటు పడిందని తనలో తను నవ్వుకుంటూ కూర్చున్న ఆ మొండిపిల్లని తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. ఎందుకో ఈమధ్య ఆ పిల్ల మీద కాస్త బెంగగా కూడా ఉంటోంది.