ఒక్క స్టారు ఇచ్చింది నేనే

ఏళ్ళ తరబడి కడుపులో పెట్టుకుని తిరుగుతన్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఆవిడకి చెప్పలేదు. దేవుడికి కూడా చెప్పలేదు, ఆయనకి ఎలాగూ తెలిసే ఉంటాదిలే అని ఊరుకున్నాను.

మీరెవరో నాకు తెలీదు. కారులో పెట్టుకునే ఈ జీపీఎస్ కొందామా మానేద్దామా అని, ఇదివరకు కొన్నవాళ్ళు ఏమన్నారో చదువుకుంటా ఇక్కడిదాకా వచ్చేరు. ఇంకా కిందకి వెళ్తే పాత రివ్యూలు కనిపిస్తాయి. ఒక్క స్టారువి. వాటన్నిటికీ ముందు పడింది ఒకటుంది. "ఈ మిషను పచ్చి అబద్ధాలకోరు. బండి ఒకచోట ఉంటే ఇంకోచోట ఉన్నట్టు చూపిస్తంది. చోడవరంలో దీన్ని బిగించినవాడికి పని రాదు. ఎవరూ కొనకండి." అని ఉంటాది. చాలామంది దాన్ని చదివి, మాకు పనికొచ్చింది అని నొక్కేరు కూడాను.

అది రాసింది నేనే. అందులో ఒక్క ముక్క నిజం లేదు.

హమ్మయ్య. రాసేసేను. చిత్రం చూడండి, ఇలా రాయగానే సిగ్గెయ్యాలి కదా? నవ్వొస్తంది. గుండెల మీంచి ఎరువు బస్తా దింపినట్టుంది.

పేరు పెట్టను. పెట్టక్కర్లేదు కూడా. మా ఆవిడ రెండో వాక్యానికే పట్టేస్తాది. వాడికైతే ఇంకొంచెం టైము పడతాది, పాపం నామీద వాడికి నమ్మకం ఎక్కువ.

వాడంటే మా ఆవిడ తమ్ముడు. ఇంట్లో అందరూ చిన్నబాబు అంటారు. ఇప్పుడు మీసాలొచ్చి, పెళ్ళయి, పొట్ట కూడా వచ్చింది, అయినా చిన్నబాబే. చోడవరంలో అనకాపల్లి రోడ్డు మీద కారు సామాన్ల షాపు పెట్టేడు. సీటు కవర్లు, హారన్లు, పాటల పెట్టెలు. ఆ తరవాత ఈ జీపీఎస్ తెచ్చేడు. మొదటిది నా కారుకే బిగిస్తానని పట్టుబట్టేడు. "మా బావ కారుకి ఉందంటే ఊరంతా కొంటాది," అన్నాడు. మా ఆవిడ కొబ్బరికాయ కొట్టింది. ఇందులో సిమ్ము ఉంటాది బావా, నెట్టుంటాది, దారి తెలుగులో చెప్తాది, బండి ఎక్కడుందో ఇంట్లో అక్క ఫోనులో కనిపిస్తాది అని వాడు వివరంగా చెప్తన్నాడు. ఆ చివరి ముక్క చెప్పేటప్పటికి నేను అటు తిరిగి హారన్లు నొక్కి చూసుకుంటన్నాను. చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. ఎక్కుంటే ఈ కథే లేదు.

ఇంక నా సంగతి చెప్పాలి. నాకు షుగరు. మా ఆవిడ ఇంట్లో బెల్లం డబ్బా లేకుండా చేసింది. చోడవరంలో కాపురం ఉంటూ బెల్లం లేని ఇల్లు! మాకు పురుగుమందుల షాపుంది. వారానికోసారైనా నేను దేవరాపల్లి, చీడికాడ, బుచ్చయ్యపేట వైపు ఊళ్ళు తిరిగి రైతుల్ని కలవాలి. చెరుకు కొట్టే రోజుల్లో ఆ రోడ్ల మీద వెళ్ళి చూడండి. గానుగ ఆడుతుంటాది, పక్కన పెద్ద పెనంలో రసం మరిగి మరిగి బెల్లం అవుతుంటాది, ఆ వాసన కారు అద్దాలు ఎత్తుకున్నా లోపలికొచ్చేస్తాది. మనిషన్నవాడు ఆగకుండా వెళ్ళగలడా? నేను వెళ్ళలేదు. బుచ్చయ్యపేట దగ్గర నాకు తెలిసిన ఒక రైతు గానుగ ఉంది. అనకాపల్లి బ్యాంకుకి వెళ్తన్నానని ఇంట్లో చెప్పి అక్కడికి వెళ్ళేవాణ్ణి. ఆయన వేడి పాకం టేకాకు మీద పోసి ఇచ్చేవాడు. కొబ్బరి ముక్క అందులో ముంచి, చల్లారే దాకా ఆగలేక నోట్లో వేసుకుని, నాలిక కాలి, కళ్ళంట నీళ్ళొచ్చి, అబ్బ, ఏం చెప్పమంటారు! తప్పు ఒప్పుకుంటన్నానని ఆ రుచిని కూడా తప్పనమంటే నావల్ల కాదు.

ఒకరోజు అలా కూచునుండగా ఫోనొచ్చింది. ఎక్కడున్నారండీ అంది మా ఆవిడ. అనకాపల్లిలో, బ్యాంకులో, క్యూ బాగా ఉందే అన్నాను. "మరి కారు బుచ్చయ్యపేట చెరుకు తోటల్లో ఉందేటండీ?" అంది.

అప్పుడు గుర్తొచ్చేయి చిన్నబాబు మాటలు. ఏదో ఒకటి అనాలి కదా. "ఆ డబ్బా తప్పు చూపిస్తందే, మొన్నట్నుంచీ అంతే," అనేసేను. అయితే తమ్ముణ్ణి అడుగుతానుండండి అని పెట్టేసింది.

వాణ్ణి అడిగితే నా పని అయిపోయినట్టే. వాడు వచ్చి చూస్తాడు, బాగానే ఉందక్కా అంటాడు. ఏం చెయ్యాలి? అప్పుడు నాకొచ్చింది ఆ దిక్కుమాలిన ఆలోచన. మా ఆవిడ ఏది కొనాలన్నా ముందు రివ్యూలు చదువుతాది. కుక్కరు కొన్నా చదువుతాది. అక్కడే, ఆ గానుగ పక్కనే, పాకం అంటిన వేళ్ళతో, ఫోను జిగటలు సాగుతుంటే, ఎవరిదో పేరు పెట్టి అది రాసేను. బిగించినవాడికి పని రాదని ఎందుకు కలిపేనంటారా? నమ్మకంగా ఉంటాదని. అంతే. ఆ ఒక్క వాక్యం రాయకపోయినా నా అబద్ధం నిలబడేది. ఇప్పటికీ నన్ను పొడిచేది ఆ వాక్యమే.

సాయంత్రం ఇంటికెళ్ళి, ఇదిగో చూడు, ఎవరో పాపం మనలాగే మోసపోయేరు అని చూపించేను. చదివింది. నమ్మింది. అనవసరంగా మిమ్మల్ని అనుమానించేనండీ అని రెండు చపాతీలు ఎక్కువ పెట్టింది. తిన్నాను. సిగ్గులేకుండా తిన్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. చిన్నబాబు అప్పటికే చుట్టుపక్కల చాలా కార్లకి బిగించేసేడు. ఆ కార్లున్న మొగుళ్ళందరికీ ఇళ్ళ దగ్గర నాలాటి ఇబ్బందే వచ్చిందని నాకేం తెలుసు? నా రివ్యూ కింద వరసపెట్టి మొదలెట్టేరు. నేను సత్యనారాయణ వ్రతంలో కూచుంటే తాటితోపులో చూపించిందని ఒకడు. ఆఫీసులో పని చేసుకుంటంటే రైవాడ డ్యాము గట్టు మీద చేపలు పడతన్నట్టు చూపించిందని ఇంకొకడు. అత్తారింట్లో ఉంటే పేకాడే మామిడితోటలో చూపించిందని మరొకాయన, ఈయన మరీ రెండుసార్లు రాసేడు. నేను చదివి చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వేను. ఎందుకంటే నాకు తెలుసు, ఆ డబ్బా అన్నీ నిజాలే చెప్పింది! ఇన్నాళ్ళలో అంత నిజాయితీగా పనిచేసిన వస్తువు మా చోడవరంలో ఇంకోటి లేదు. మేం మొగాళ్ళందరం కలిసి దాన్ని అబద్ధాలకోరుని చేసేం. రోడ్డు మీద ఎదురుపడితే ఒకరి మొహం ఒకరు చూసుకుని తల ఊపుకునేవాళ్ళం.

నవ్వు ఎప్పుడు ఆగిందంటే, చిన్నబాబు జవాబులు రాయడం మొదలెట్టినప్పుడు. ప్రతి రివ్యూ కిందా రాసేడు. నాదాని కింద కూడా రాసేడు. "అయ్యా, తప్పు నాదే అయ్యుంటాది. బండి ఒకసారి షాపుకి తీసుకురండి, ఊరికే చూసిపెడతాను." ఎవరూ తీసుకెళ్ళలేదు. ఏ మొగుడు తీసుకెళ్తాడు? పీకెయ్యమని మాత్రం వచ్చేరు. మా ఆవిడ కూడా వెళ్ళి, పదిమంది కస్టమర్ల ముందు, సొంత అక్కకే ఇలాటిది అంటగట్టేవా అని వాణ్ణి కడిగేసింది. కొన్నాళ్ళు రాకపోకలు లేవు.

ఒకరోజు వాడే నా కారెక్కేడు. పద బావా, చూద్దాం అన్నాడు. బుచ్చయ్యపేట వెళ్ళేం, దేవరాపల్లి వెళ్ళేం, రైవాడ దాకా వెళ్ళేం. దారిపొడుగునా ఆపించి, దిగి, ఫోనులో చూసి, డబ్బాలో చూసి, మళ్ళీ ఎక్కేవాడు. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. రైవాడ గట్టు దగ్గర టీ కొట్టు ముందు ఆగేం.

"బావా, నిజం సెప్పు. నీ బండిలో ఇది తప్పు సూపించిందా?"

"అప్పుడప్పుడూ సూపించిందిరా."

"ఏ రోడ్డు మీద?"

"ఏమో, గుర్తు లేదు."

వాడు నీళ్ళకేసి తిరిగేడు. "నేను పక్కనుంటే పని సేస్తంది. నేను దిగిపోతే సెయ్యట్లేదు. అందరికీ అలాగే అవుతందంటే డబ్బాలో లేదు బావా తేడా. నా సేతిలోనే ఉంది."

"నీ మొహం. అలాటిదేం లేదు."

"మరి ఇంతమంది అబద్ధం సెప్తారేటి?"

ఇంతమంది అబద్ధం చెప్తారా అని నన్నడిగేడు, నన్ను! చెప్పడానికి అంతకన్నా మంచి అదును ఉంటాదా? నోరు తెరిచేను. ఈలోగా వాడు టీ కొట్టాయనకేసి తిరిగి, "మా బావకి పంచదార వెయ్యకు, షుగరుంది," అన్నాడు. తెరిచిన నోటితో ఆ చప్పిడి టీ తాగేసి ఇంటికొచ్చేసేను.

ఆ వారమే మిగిలిన డబ్బాలన్నీ అట్టపెట్టెలో సర్దేసేడు. మళ్ళీ ముట్టుకోలేదు. సీటు కవర్లు, హారన్లు, అంతే. అక్కాతమ్ముళ్ళు తరవాత కలిసిపోయేరు, ఇప్పుడు ఆ జీపీఎస్ పేరు చెప్పుకుని వాళ్ళే పడీ పడీ నవ్వుకుంటారు. అందరూ బాగానే ఉన్నారు కదా, ఇప్పుడెందుకు తవ్వుకోవడం? ఇన్నాళ్ళూ నాకు నేను అలాగే చెప్పుకున్నాను. గానుగకి వెళ్ళడం మానేనా అంటారా? మానలేదు. తగ్గించేను. అబద్ధాలు చెప్పడానికి ఇది చోటు కాదు కాబట్టి అదీ చెప్పేస్తన్నాను.

మొన్న ఆదివారం చిన్నబాబు భోజనానికొచ్చేడు. విశాఖలో ఒక బడివాళ్ళు వాళ్ళ బస్సులన్నిటికీ ఇలాటివి బిగించమని అడిగేరంట. బస్సు ఎక్కడుందో పిల్లల తల్లిదండ్రులకి ఫోనులో తెలియాలని. షాపు పెట్టిన దగ్గర్నుంచీ ఇంత పెద్ద పని వాడికి రాలేదు. ఈ వచ్చే సోమవారంలోగా జవాబు చెప్పాలి. చెయ్యనని చెప్పేస్తానక్కా అన్నాడు. "మీ కార్లు తప్పు సూపిస్తే నవ్వుకున్నాం. పిల్లల బస్సు తప్పు సూపిస్తే? ఆ తల్లి ఏ రోడ్డున పడి ఎతుక్కుంటాది? నా సెయ్యి అలాటి పనికి పనికిరాదు." మా ఆవిడ తల ఊపి, మంచి ఆలోచనేరా అంది. నేను కంచం వదిలేసి చెయ్యి కడిగేసుకున్నాను.

మర్నాడు షాపుకి వెళ్ళేను. చెప్పేద్దామనే వెళ్ళేను. బావొచ్చేడు అని కుర్చీ తుడిచి వేసేడు. ఊరికే వచ్చేనంటే బాగోదని ఒక హారను కొనుక్కుని వచ్చేసేను. నిన్న మళ్ళీ వెళ్ళి ఇంకో హారను కొన్నాను. ఇలా అయితే లాభం లేదని ఇక్కడికొచ్చేను. తప్పు చేసిన చోటే ఒప్పుకుందామని. వాడు ఇప్పటికీ రోజూ పొద్దున్న ఈ రివ్యూలు చదువుతాడు. ఎవరైనా ఒక్కడు మంచిగా రాసేడేమోనని.

పాత రివ్యూ తీసెయ్యొచ్చు. ఒక్క నొక్కు. కానీ అలా తీసేస్తే మళ్ళీ దాచినట్టే కదా? అందుకే ఉంచేస్తన్నాను. అదీ నేనే, ఇదీ నేనే. మిగతా మొగుళ్ళూ, మీ పేర్లు నేను చెప్పను, మీ ఇష్టం. కొనడానికొచ్చిన మీకు మాత్రం చెప్తన్నాను, కొనుక్కోండి. ఐదు స్టార్లు. ఇంట్లోవాళ్ళ దగ్గర దాచేది ఏదైనా ఉంటే మాత్రం కొనకండి, చాలా బాగా పని చేస్తంది.

ఒరే చిన్నబాబూ. చదువుతన్నావా? క్షమించమని అడగనురా. అడిగితే నువ్వు, పోన్లే బావా అనేస్తావు. అది నాకొద్దు. నీ నోరారా తిట్టు, షాపు బయట నిలబెట్టి తిట్టు, మీ అక్కని కూడా పిలిచి తిట్టించు, వస్తాను. ఇది రాస్తంటే ఎంత హాయిగా ఉందో, ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదా అనిపిస్తంది. ఆ బడివాళ్ళకి ఫోన్ చేసి, వస్తన్నానని చెప్పు. అన్ని బస్సులూ నువ్వే బిగించు. నీ చేతిలో ఏ తేడా లేదురా. ఎప్పుడూ లేదు.