కాళ్ల మీద బయటపడ్డ కడుపు జబ్బు

1963లో నేను బందరులో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఒక సోమవారం ఉదయం దివిసీమ నుంచి ఒక పాస్టరు గారు భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. పంచె పైకి తీస్తే మోకాళ్ల కింద, ఎముక పొడవునా రేగుపండ్లంత ఎర్రని గడ్డలు. వేలు తగిలితే చాలు, విలవిల్లాడిపోతున్నారు.

"కుష్టు కాదు కదండీ?" అని గొంతు తగ్గించి అడిగారు. చర్చిలో రొట్టె విరిచి పంచే చేతులు ఆయనవి. కుష్టే అయితే పాస్టరు పని మానేయాలని కూడా నిశ్చయించుకున్నారట.

డాక్టరు గారు గడ్డలు చూసి, "విరేచనం ఎలా అవుతోంది?" అని అడిగారు.

పాస్టరు గారు నా వైపు చూసి ముడుచుకుపోయారు. "కాళ్లు చూపించుకుందామని వచ్చానండీ."

"కాళ్లు చూశాను. కడుపు సంగతి చెప్పండి."

"దేవుడి దయవల్ల బాగానే ఉందండీ."

భార్య ఇక ఆగలేకపోయారు. "ఎక్కడ బాగుందండీ! మూడు నెలలుగా నెత్తురు, జిగట. మొన్న ఆదివారం చర్చిలో 'కళ్లు మూసుకుని మౌనంగా ప్రార్థన చేద్దాం' అని చెప్పి, వాళ్లు కళ్లు తెరిచేలోపు పెరట్లోకి వెళ్లొచ్చారు. అయ్యగారి మౌన ప్రార్థనలో ఎంత శాంతి ఉందోనని అందరూ ఒకటే మెచ్చుకోవడం!"

డాక్టరు గారు నవ్వు ఆపుకోవడానికి మందుల బీరువా వైపు తిరిగారు.

మలపరీక్షలో అమీబా కనిపించలేదు. సిగ్మాయిడోస్కోప్, అంటే పేగు లోపల చూసే గొట్టం, పెట్టి చూస్తే పెద్దపేగు పొర పుండుపడి ఉంది. ఆ జబ్బు అల్సరేటివ్ కొలైటిస్. పేగు అలా రేగినప్పుడు కొందరికి కాళ్ల మీద గడ్డలు లేస్తాయి. వాటిని ఎరిథీమా నోడోసమ్ అంటారు.

"కుష్టు కాదు. పేగు కుదుటపడితే ఇవీ పోతాయి" అని డాక్టరు గారు చెప్పగానే పాస్టరు గారు భార్య చెయ్యి పట్టుకుని ఏడ్చేశారు.

ప్రెడ్నిసొలోన్ మాత్రలతో కొద్ది వారాల్లో పేగు నెమ్మదించింది. గడ్డలు కమిలిన మచ్చల్లా మారి మాసిపోయాయి.

ఆ తరువాత ఒకనాడు ఆ సంఘ పెద్ద ఒకాయన వచ్చారు.

"మా అయ్యగారు దేవుడు జబ్బు నయం చేశాడని చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పారండీ. నెత్తురు, జిగట, మీరు పెట్టిన గొట్టం, ఒక్కటి వదల్లేదు. ఇదివరకు చెప్పడానికి ఆయన సిగ్గుపడేవారు. ఇప్పుడు వినడానికి మేం సిగ్గుపడ్డాం."

నవ్వి, ఆయన వచ్చిన పనేమిటని అడిగాను. ఆయన అటూ ఇటూ చూసి కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"నాకూ నెత్తురు పడుతోందండీ. చాలా కాలమైంది."

కాళ్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్లను కూడా కడుపు గురించి అడగాలని ఆ కేసుతో నేర్చుకున్నాను. నోరు విప్పనివాళ్లకు పాస్టరు గారి సంగతి చెప్పేదాన్ని. ఆయనే అంతమంది ముందు చెప్పుకున్నాక నేను దాచేదేముంది?