అతిమధురం లేదని రాసిన చిట్టీ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ల వయసు, మెడలో గుర్తింపు కార్డు, జేబులో పెన్ను. ఈ మూడూ ఒకచోట చేరిన మనిషికి అనుమానం అనేది దగ్గరికి రాదు. (ఆ కార్డు మీద ఫొటోలో కూడా నేను ఎవరికో ఏదో వివరిస్తున్నట్టే ఉంటాను.) మాది గోదావరి వైపు కుటుంబం. నాన్న ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఇంట్లో అలవాటైన 'అండీ'ని నేను శంషాబాద్ దాకా మోసుకుపోయాను. ఆటో నడిపే ఆయన్ని అండీ, టీ పోసే ఆయన్ని అండీ, ఒకసారి కంగారులో దారికి అడ్డం నిలబడ్డ గేదెను కూడా "కాస్త తప్పుకోండి" అన్నాను. ఆ సంగతి ఆఫీసులో ఎలా తెలిసిందో గానీ, మర్నాటి నుంచి నా పేరు అండీ సాబ్.

ఆఫీసంటే పెద్దదేం కాదు. శంషాబాద్ బజారులో ఒక మొబైల్ షాపు పైన రెండు గదులు. విమానం తక్కువ ఎత్తులో పోయినప్పుడల్లా టీ గ్లాసులు గలగలమనేవి. విదేశీ మిఠాయిలు తెప్పించి ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల హోటళ్లకీ దుకాణాలకీ వేయడం మా పని. యజమానిది షాద్‌నగర్. పక్క గదిలో ఉన్న మనిషికి కూడా ఏదైనా చెప్పాలంటే చిట్టీ రాసి పంపేవాడు కాబట్టి ఆయన్ని చిట్టీల సారు అనేవాళ్లం. ఆయనకి షుగర్. మిఠాయిల వ్యాపారంలో ఉండి మిఠాయి ముట్టలేని ఆ మనిషి బాధ చూసి, రుచి చూసే బాధ్యత నేనే తీసుకున్నాను. (త్యాగం చేసినట్టు మొహం పెట్టి మరీ తీసుకున్నాను.) పక్క గదిలో డబ్బాలు ప్యాక్ చేసే ఆవిడ జల్‌పల్లి నుంచి రెండు ఆటోలు మారి వచ్చేది. యాభై దాటిన మనిషి. అందరూ ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్లు. నేను మాత్రం "ఖాలా గారండీ" అనేవాణ్ణి. అలా పిలిచిన ప్రతిసారీ ఆవిడ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకునేది.

ఒకరోజు నా బల్ల మీద సారు చిట్టీ కనబడింది. ఎయిర్‌పోర్టు దగ్గర ఒక హోటల్లో మాకు చిన్న కౌంటర్ దొరికిందట. అక్కడికొచ్చే విదేశీయులు లికోరైస్ అడుగుతున్నారట. ఏడు గాజు సీసాలు పెట్టాలి, ఆరింటిలో ఫారిన్ సరుకు, ఏడోదాంట్లో మన దగ్గర తయారైనది. అన్నీ తిని, ఒక్కోదానికి ఒక్కో చిట్టీ మీద నాలుగు మాటలు రాసి, పదికి మార్కులు వేయాలి. చిట్టీ ఇచ్చి కూడా ఆగలేక సారే వచ్చాడు. "గీ లికోరైస్ అంటే ఏందిరా?" అన్నాడు. "అతిమధురం అండీ. మా అమ్మమ్మ మందుల పెట్టెలో ఎప్పుడూ ఉండేది. నాకు బాగా తెలుసు" అన్నాను. పెట్టెలో ఉన్న మాట నిజం. అమ్మమ్మ ఆ పొడిని తేనెలో రంగరించి నాలుక మీద రాసిన మాటా నిజం. నేను ప్రతిసారీ పెరట్లోకి పరిగెత్తి ఉమ్మేసిన మాట మాత్రం సారుకి చెప్పలేదు. నా దగ్గర మిగిలింది ఆ పేరొక్కటే. రుచి అప్పుడే పెరట్లో పోయింది.

మొదటిది నల్లటి తాడు. నమిలితే టైరు పక్కన నిలబడి సోంపు తిన్నట్టుంది. ఆరు మార్కులు. రెండోది మెత్తటి బిళ్ల, 'మర్యాదగల రుచి' అని రాశాను. (ఏమిటో ఆ మర్యాద, ఇప్పుడు అడిగితే చెప్పలేను.) మూడోది ఎర్రటిది, స్ట్రాబెర్రీ వాసన, నాకు తెగ నచ్చి తొమ్మిది వేశాను. అందులో లికోరైస్ చుక్క కూడా లేదని, పేరుకి మాత్రమే లికోరైస్ అని చాలా కాలానికి తెలిసింది. నాలుగోది ఉత్తరాన ఎక్కడో మంచు దేశంలో చేసిన ఉప్పు బిళ్ల. పేరే అతిమధురం కదా అని ధైర్యంగా ఒకేసారి రెండు వేసుకున్నాను. కళ్లు, ముక్కు, చెవులు ఏకమయ్యాయి. బయటికి ఉమ్మితే నా పరిజ్ఞానం పోతుంది, మింగితే నేను పోతాను. ఆ సందిగ్ధంలో బుగ్గలు పొంగించుకుని కూర్చున్న నన్ను చూసి ఖాలా నీళ్ల సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "థూ అను బేటా, థూ అను! ఎవ్వలు చూస్తలేరు!"

నేను థూ అన్నాక, ఆవిడ బల్ల మీది మెత్తటి బిళ్ల ఒకటి తీసి వాసన చూసింది. మొహం మారింది. "అరే, గిది ములేఠీ కదా బేటా! మా అబ్బా దుకాణంల అచ్చం గిదే వాసన" అంది. (నాన్నని వాళ్లింట్లో అబ్బా అంటారు. ఆయనకి ఒకప్పుడు పాతబస్తీలో మూలికల దుకాణం ఉండేది.) నేను ఓపికగా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప మీద నేనే ఒకటి వేసుకోవాలనిపిస్తుంది. "కాదండీ. ఇది లికోరైస్. తెలుగులో అతిమధురం అంటారు. మీరు చెప్పేది వేరే ఏదో అయ్యుంటుంది" అన్నాను. "అతి మధురమా? అంటే మస్తు తీపా?" అంది. "అంతే అనుకోండి" అన్నాను. (ఫోన్లో వెతికితే అర నిమిషం పని. కానీ తెలిసినవాడు వెతకడు కదా!)

మర్నాడు ఆవిడ ఒక స్టీలు డబ్బా తెచ్చింది. వాళ్ల అబ్బా నేర్పిన మిఠాయి. ములేఠీ వేళ్లు దంచి, నానబెట్టి, కాచి వడకట్టి, బెల్లం పాకంలో పోసి, కాస్త మిరియాల పొడి వేసి బిళ్లలుగా కోస్తారట. చలికాలంలో వాళ్ల గల్లీ అంతా ఆవిడ దగ్గరికే వచ్చేదట. "ఏడో సీస కాలీ ఉన్నదంటగా సార్? గిది పెడితే ఎట్లుంటది? పైన మా అబ్బా పేరు రాస్తరా?" అని అడిగింది. పైసల మాటే ఎత్తలేదు. దుకాణం మూసేశాక ఆయన పేరు ఎక్కడా రాసి లేదట, ఒక్క సీసా మీద కనబడితే చాలట. సారు నా వైపు చూసి, "అండీ సాబ్ తిని చెప్తడు. ఆయన పాసంటే పాసు" అన్నాడు.

తిన్నాను. బాగుంది. చాలా బాగుంది. నాలుక మీద ఒక తీపి నెమ్మదిగా మొదలై, గొంతులోకి దిగి, చాలాసేపు పోకుండా ఉంది. ఆ నిమిషంలో నా నోటికి నిజం తెలుసు. కానీ నేను నోటి మాట వినలేదు, పెన్ను తీశాను. 'రుచి ప్రశంసనీయం. అయితే ఇందులో అతిమధురం లేదు. ములేఠీ అనే వేరే ఏదో వేరు వాడారు. కనుక ఇది లికోరైస్ కిందికి రాదు. సున్నా' అని రాశాను. 'వేరే ఏదో వేరు' అన్నచోట పదాలు భలే కుదిరాయని కూడా మురిసిపోయాను. ఖాలాకి తెలుగు చదవడం రాదు. "ఏం రాసినవ్ బేటా, చదువు" అంది. చదివాను. రేడియోలో వార్తలు చదివినట్టు, స్పష్టంగా, తడబడకుండా చదివాను. ఆవిడ "అచ్ఛా" అని డబ్బా మూత పెట్టేసి ప్యాకింగ్‌కి వెళ్లిపోయింది. మన దగ్గర చేసిన లికోరైస్ ఇంకేదీ దొరక్క ఏడో సీసాలో పల్లీ పట్టీ పెట్టారు. ఇంకో నెలకి మోకాళ్ల నొప్పులని ఖాలా పని మానేసింది.

ఆ పై ఏడాది చలికి నాకు దగ్గు పట్టుకుంది. అమ్మ ఫోన్ చేసి, "ఏ మూలికల కొట్లోనైనా అతిమధురం దొరుకుతుంది, తెచ్చుకోరా" అంది. బజారులోనే ఉన్న కొట్టుకి వెళ్లి, "అతిమధురం ఉందాండీ?" అని అడిగాను. కొట్టాయన లోపలికి చూసి, "ములేఠీ యాభై గ్రాములు కట్టు" అని కేక వేశాడు. "ములేఠీ కాదండీ, అతిమధురం" అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి పెద్ద సీసా ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. దాని మీద కాగితం అంటించి, మూడు వరసలు రాసి ఉన్నాయి. పైన ఉర్దూ, మధ్యలో తెలుగు, కింద ఇంగ్లీషు. పై వరస నాకు చదవడం రాదు. మధ్యలో అతిమధురం. కింద లికోరైస్. "పైన ఏం రాసుందండీ?" అన్నాను, అడక్కుండానే తెలిసిపోయినా. "ములేఠీ అన్నా. మూడు ఒకటే. మా అమ్మ గట్లంటది, మీ అమ్మ గిట్లంటది" అన్నాడు. ఆ నిమిషానికి దగ్గు ఆగిపోయింది, మందు వేసుకోకుండానే.

ముందు సారు దగ్గరికి పరిగెత్తాను. ఆ హోటల్ కౌంటర్ అప్పటికే ఎత్తేశారు, సీసాలు కూడా అమ్మేశారు. "ఇగ ఇప్పుడు చెప్పి ఏం లాభంరా" అన్నాడు సారు, రాస్తున్న చిట్టీ పక్కన పెట్టేసి. అక్కణ్ణుంచి జల్‌పల్లి వెళ్లి, నలుగురిని అడిగి ఖాలా ఇల్లు పట్టుకున్నాను. ఆవిడ నన్ను చూసి సంబరపడిపోయింది. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. నేను చెప్పుకొచ్చిందంతా విని, ముందు బాగా నవ్వింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది. అది నవ్వుకే అనుకున్నాను.

"నువ్వు చదివిన దినం సంది చేసుడు బంద్ పెట్టిన బేటా" అంది. "చదువుకున్నోనివి, నువ్వు చెప్పినంక నిజమే అనుకున్న. మా అబ్బా నాకు తప్పు నేర్పిండేమో, గన్ని ఏండ్లు అందరికి తప్పు వేరు ఇచ్చిండేమో అని మస్తు పరేషాన్ అయిన. గల్లీల ఎవ్వలన్న అడిగినా ఇయ్యలే."

సీసా పోయిందని బాధపడుతుందనుకుని వెళ్లాను నేను. పోయింది సీసా కాదు. ఏడాదిపాటు ఒక కూతురికి తండ్రి మీద నమ్మకం లేకుండా చేశాను, సున్నాని కూడా గుండ్రంగా చుట్టే నా చక్కటి దస్తూరీతో. "క్షమించండి ఖాలా గారండీ" అన్నాను. ఆ పిలుపుకి ఆవిడ నవ్వకపోవడం అదే మొదటిసారి. లేచి లోపలికి వెళ్లి, పాత డబ్బా వెతికి, వేలెడు పుల్ల ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నోట్ల పెట్టుకో, దగ్గు తక్కువైతది" అంది. నేను పెట్టుకున్నాక ఆగి, "మార్కులు గిట్ల రాయకు" అంది.

రాయలేదు. ఆ తర్వాత ఇంకే తిండికీ రాయలేదు. ఇప్పుడు నా ఉద్యోగం వేరు, మెడలో కార్డు వేరు, ఫొటోలో జుట్టూ తక్కువే. ఎయిర్‌పోర్టుకి వెళ్లే దారిలో ఆ హోటల్ కనబడితే, అందులో లేని ఏడో సీసా మీద రాయని ఒక పేరు గుర్తొస్తుంది. ఎవరైనా ఏదైనా తినమని చేతిలో పెడితే, నోట్లో వేసుకోకముందే ఒక మాట అడుగుతాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు గానీ, అడగకుండా తినలేను. "దీన్ని మీ ఇంట్లో ఏమంటారండీ?"