చేపల ఒక్కపొద్దు

సారంగపాణి మెతక మనిషి. వరంగల్ చౌరస్తాలో బట్టల దుకాణం, వెనక గల్లీలో ఇల్లు. తల్లి మాట జవదాటడు, భార్య మాట కాదనడు. అలాంటివాడి బతుకు ఎప్పుడూ అడకత్తెరలో పోకచెక్కే కదా!

కాన్పుకు దవాఖానకు పోయిన భార్య సరస్వతి వట్టి చేతులతో తిరిగొచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో ఆమె గొంతు వినబడలేదు. వండేది, వడ్డించేది, అడిగితే తలూపేది. చనిపోయి పుట్టిన బిడ్డ మొహమైనా చూపించకుండా తీసుకుపోయారన్న దుఃఖం ఎవరికీ చెప్పుకోలేదు. డాక్టర్లయ్యారు, తాయెత్తులయ్యాయి. ఆమె ఒక్క మాట మాట్లాడితే చాలని సారంగపాణి మొక్కని దేవుడు లేడు.

ఎనభై ఒకటిలో సరుకు కోసం బొంబాయి పోయినప్పుడు, రంగురంగుల చేపలమ్మే కొట్టు ముందు ఆగిపోయాడు. పొట్ట కింద ఎరుపు తిరిగిన రెండు చిన్న చేపలు నచ్చాయి. పేరు పిరానా అన్నారు. ఏం తింటాయో అడగాలన్న ఇంగితం ఉండొద్దూ? పుట్టి బుద్ధెరిగి నీసు ముట్టని మనిషి, చేపలంటే మరమరాలు తింటాయనే అనుకున్నాడు. నీళ్ల డబ్బాను ఒళ్లో పెట్టుకుని, రైల్లో కునుకు లేకుండా తెచ్చాడు. ముందు గదిలో అద్దాల తొట్టి పెట్టించాడు.

మరమరాలు నీళ్లలో నాని ఉబ్బిపోయాయి. వాటిని తీసేద్దామని సరస్వతి తొట్టిలో చెయ్యి పెట్టింది. ఒక చేప చటుక్కున వచ్చి వేలు కొరికింది. ఆమె నెత్తురు వస్తున్న వేలిని చూసుకుని, చేపను చూసి, ఫక్కున నవ్వింది.

"ఇగో, దీనికి నా వేలే కావాల్నట," అంది.

దుకాణానికి బయల్దేరిన సారంగపాణి చెప్పులు విడిచి అక్కడే కూలబడ్డాడు. ఏడుపు ఆగలేదు పాపం.

చెరువులో చేపలు పట్టే యాకయ్య ఆ దుకాణానికి పాత గిరాకీ. సంగతి విని వచ్చి తొట్టిలోకి తొంగిచూశాడు.

"సేటూ, దీని పండ్లు చూసినవా? నీసు లేంది ఇది బతకది."

ఆ మర్నాటి నుంచి పెరటి తలుపు దగ్గర రోజూ యాకయ్య పెట్టిపోయే ఓ చిన్న పొట్లం, అందులో రొయ్యలు. ఉల్లిగడ్డ తినడానికే వారాలు చూసుకునే ఇల్లది! సారంగపాణి తల్లి అనసూయమ్మ ముక్కు మూసుకుంది గాని, కోడలి నోట మాట విన్నాక ఏమీ అనలేకపోయింది. చేపలు అరచేతులంత పెరిగాయి. వాటితో మాట్లాడీ మాట్లాడీ సరస్వతికి మనుషులతోనూ మాటలొచ్చాయి. కూరలో ఉప్పు తక్కువైందని సారంగపాణి అంటే, "మీకన్న అవే నయం, వంక పెట్టయి," అనేది. ఆ ఎత్తిపొడుపు కోసమే అతను లేని వంకలు పెట్టేవాడు.

రెండేళ్లు అలా గడిచాయి. ఆ ఏడు కార్తీకం రాగానే అనసూయమ్మ కొడుకును పిలిచింది.

"ఇన్నొద్దులు కండ్లు మూసుకున్న బిడ్డా. ఈ నెల మాత్రం నీసు గడప దాటితే నేను అన్నం ముట్ట."

"ఒక్క నెలే గదమ్మా, సరే," అన్నాడు.

"వాటికి ఆకలి గాదా?" అంది సరస్వతి.

"మనం ఒక్కపొద్దులుంటలేమా? అవీ ఉంటయి తీ," అని నవ్వేశాడు సారంగపాణి.

ఎంత తెలివి! మనిషి పుణ్యానికి పస్తుంటాడు, చేపకెందుకయ్యా పుణ్యం? నానబెట్టిన పెసరపప్పు వేశారు. చేపలు అటువైపైనా చూడలేదు. కొన్నాళ్లకు ఒకదాని తోక చిరిగి కనిపించింది.

"ఒకదాన్నొకటి కొరుక్కుంటానయ్," అంది సరస్వతి, భర్త చెయ్యి పట్టుకుని. "తొట్టిని పెరట్ల రేకుల కింద పెడదాం. ఆడ ఏస్తే గడప దాటినట్టు కాదు గద. అత్తమ్మకు మీరు జర చెప్పుండ్రి."

మంచి ఉపాయమే. తల్లితో ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట అనడానికే అతనికి నోరు రాలేదు.

"రేపు చూద్దాం," అన్నాడు.

మర్నాడు తలస్నానం చేసి దీపం పెట్టడానికి వచ్చిన సరస్వతి తొట్టి ముందు ఆగిపోయింది. ఒక చేప ఈదుతోంది. రెండోదాని తల, ముల్లు అడుగున పడి ఉన్నాయి. ఆమె ప్రమిద కింద పెట్టి, అక్కడే కూర్చుండిపోయింది. సారంగపాణి వెనకే వచ్చి చూశాడు.

చొక్కా తొడుక్కుని, జన్మలో అడుగుపెట్టని మటన్ కొట్టుకు పోయాడు. తోటి వర్తకులు గల్లాపెట్టెల మీంచి లేచి చూస్తుండగా, ఆకు పొట్లం పట్టుకుని నడిబజారులో నడిచొచ్చాడు.

"కార్తీకంరా సారంగం," అంది తల్లి, గుమ్మంలో నిలబడి.

ఆమెను తప్పుకుని లోపలికి పోయాడు. ముక్కలు నీళ్లలో పడగానే మిగిలిన చేప ఎగబడి తింది.

"సరస్వతీ, తింటాంది చూడు."

"నిన్న తెస్తే రెండుండేటివి," అందామె. లేచి వంటింట్లోకి పోయింది.

ఆ చేప ఇంకో నాలుగైదేళ్లు బతికింది. కార్తీకమనక, శివరాత్రనక సారంగపాణే కొట్టుకు పోయి ముక్కలు తెచ్చేవాడు. జనం నవ్వినా లెక్కచేయలేదు. అనసూయమ్మ కూడా అడ్డు చెప్పడం మానేసింది. ఇంట్లో సరస్వతి మాత్రం మళ్లీ నోరు విప్పలేదు.

ముక్కలు వేసిన ప్రతిసారీ, "సరస్వతీ, తింటాంది, రా," అని పిలిచేవాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగేది. అతను తలుపు వైపే చూస్తూ నిలబడేవాడు. కాసేపటికి గిన్నెల చప్పుడు మళ్లీ మొదలయ్యేది.