ఎండలోకి జరిపిన పాటీ కుర్చీ

నా కడుపులో మాట దాగదని మా ఇంట్లో అందరూ అంటారు. పొద్దున నేను విన్నది మధ్యాహ్నానికి వీధంతా వింటుందని మావారు వేళాకోళం చేసేవారు. పాపం, ఆయనకు తెలియదు. ఒక్క మాట మాత్రం ఏళ్ళ తరబడి బిగబట్టుకున్నాను. అరగలేదు, కరగలేదు, బయటికీ రాలేదు. మలబద్ధకానికి మందులున్నాయి. నాది మనోబద్ధకం. అదీ దేని గురించయ్యా అంటే, పసిపిల్లాడు దొడ్డికి కూర్చునే ఒక బుల్లి ప్లాస్టిక్ కుర్చీ గురించి. మనిషి తేలికపడటం కోసం తయారుచేసిన వస్తువే నాకింత బరువైంది.

నవ్వొస్తే నవ్వండి. చివరిదాకా నవ్వలేరు, అది ముందే చెబుతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా అమ్మాయి అమలాపురంలో బ్యాంకు ఉద్యోగం చేసేది. అల్లుడు కువైట్‌లో ఉండేవాడు. ఒక డాబా ఇంట్లో పైవాటా అద్దెకు తీసుకుని, రెండేళ్ళు నిండని మనవడు బుజ్జిగాడితో ఉండేది. వాణ్ణి చూసుకోవడానికి ముక్తేశ్వరం నుంచి నేనూ, అంబాజీపేట నుంచి అమ్మాయి అత్తగారూ వంతులవారీగా వెళ్ళేవాళ్ళం. ఆ వేసవిలో వంతులు కలిసిపోయాయి. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే వంటగదిలో, ఒకే పిల్లాడి మీద పడ్డాం.

వియ్యపురాళ్ళం కదా, ఒకరినొకరు 'వదినగారూ' అనుకునేవాళ్ళం. మా వైపు మర్యాదకు లోటుండదు. పోట్లాడాలన్నా 'అండీ' తగిలించే పోట్లాడతాం. ఆవిడ చేసిన పులుసులో ఉప్పు ఎక్కువైతే, "మా ఇంట్లో ఉప్పు తక్కువ తింటామండి, అలవాటు లేక" అనేదాన్ని. నేను బుజ్జిగాడికి తల దువ్వితే, "బాగుందండి, మళ్ళీ దువ్వుతాను" అనేవారు ఆవిడ. పైకి వినేవాళ్ళకు సంగీతంలా ఉండేది. లోపల కత్తులు నూరుకునేవాళ్ళం.

నాకు ఆ ఇంట్లో ఒకే ఒక్క అధికారం ఉండేది. అది నా పాదాల్లో ఉండేది. పీట మీద కూర్చుని, కాళ్ళు ముందుకు చాపి, పాదాలు కాస్త ఎడం చేసి, వాటి మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టుకునేదాన్ని. వాడు నా మోకాళ్ళు పట్టుకుని నా మొహంలోకి చూస్తూ పని కానిచ్చేవాడు. నా పిల్లలిద్దరూ అలా పెరిగినవాళ్ళే. వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళు నిలబడకముందు నా కాళ్ళ మీద కూర్చున్నారు. ఇందులో గర్వపడటానికి ఏముందని అడుగుతారేమో. ఉంది. రెండు వేళ్ళ మీద లెక్కపెట్టగల విద్యలున్న మనిషికి అదీ ఒక విద్యే.

జూన్‌లో వాణ్ణి ప్లేస్కూలులో వెయ్యాలి. డైపరు లేకుండా, అడిగి వెళ్ళే అలవాటున్న పిల్లల్నే తీసుకుంటామన్నారు వాళ్ళు. దాంతో అమ్మాయి పాటీ కుర్చీ కొందామంది. పిల్లాడితో సహా నలుగురం బజారుకు వెళ్ళాం.

కొట్లో ఎన్ని రకాలో! బాతు ఆకారంలో ఉన్నది, కారు ఆకారంలో ఉన్నది, పెద్దవాళ్ళ కమోడ్‌కు నిచ్చెన వేసి ఎక్కించేది. నాకు ఏ కుర్చీ ఇష్టం లేదు. కానీ ఎంపికలో నా చెయ్యి ఉండాలి కదా. స్టీరింగు తిప్పితే పాట పాడే ఎర్రకారు చూపించాను. బుజ్జిగాడు కూడా దాని వైపే దూకాడు. గెలిచాననుకున్నాను. వదినగారు మాత్రం ఒక్కోదాన్నీ తిరగేసి చూశారు. లోపలి గిన్నె ఊడి వస్తుందో లేదో, అంచులు గుచ్చుకుంటాయో లేదో తడిమారు. చివరికి ఏ హంగూ లేని ముదురు నీలం కుర్చీ ఒకటి నేల మీద పెట్టి వాణ్ణి కూర్చోబెట్టారు. వాడి పాదాలు రెండూ నేలకు ఆనాయి.

"ఇదండి. కాళ్ళు ఆనితేనే పిల్లాడికి ధైర్యంగా ఉంటుందండి. ఆ కారైతే పాట కోసం కూర్చుంటాడు గానీ పని కోసం కూర్చోడండి వదినగారూ."

"అసలు ఇవన్నీ ఎందుకండీ? నా కాళ్ళు లేవా?" అన్నాను.

"ఎందుకు లేవండి! మరి బడికెళ్ళేటప్పుడు క్యారేజీతో పాటు మీ కాళ్ళు కూడా కట్టి పంపిద్దామాండి?"

కొట్టువాళ్ళు నవ్వారు. పక్కన గౌన్లు బేరమాడుతున్న వాళ్ళెవరో నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మా అమ్మాయి. నవ్వుతూనే, "అత్తయ్యగారు చెప్పిందే ప్యాక్ చెయ్యండి" అంది.

ఇంత చిన్న మాటకా అంటారు. నేనూ నన్ను అదే అడిగాను. ఆవిడ మాట మర్చిపోగలిగేదాన్నేమో. నా కడుపున పుట్టిన పిల్ల ఆ నవ్వు నవ్వకపోయి ఉంటే.

కుర్చీ పనిచేసింది. నాకు కావలసింది అది కాదు. వదినగారు పొద్దున్నే పాలు తాగించి, కిటికీ పక్కన కుర్చీ వేసి, వాడి ఎదురుగా తనూ కింద కూర్చునేవారు. తొందరపెట్టేవారు కాదు, గదమాయించేవారు కాదు. పనైతే చప్పట్లు కొట్టేవారు. ఆ సంగతి వీడియో కాల్‌లో కువైట్ దాకా వెళ్ళేది. ఒకరోజు నేను పీట వేసుకుని, కాళ్ళు చాపి పిలిచాను. వాడు నా పాదాల వంక చూశాడు. గిరుక్కున తిరిగి పరుగెత్తుకెళ్ళి ఆ నీలం కుర్చీ ఎక్కాడు. మనవడు నాకు వీపు చూపించాడని రాస్తే మర్యాదగా ఉంటుంది. చూపించింది ఇంకాస్త కింద.

ఆపాటి పాటీ కుర్చీ నా పీఠం కదిపేసింది. అలా జోకులేసుకుని ఊరుకుంటే ఎంత బాగుండేది.

మే నెల మధ్యాహ్నం. మాగాయకు ముక్కలు ఎండబెట్టి, వాటిని తిరగెయ్యడానికి డాబా మీదికి వెళ్ళాను. వదినగారు కుర్చీ కడిగి, ఆరడానికి అక్కడే పెట్టారు. ఎక్కడ? నీళ్ళ ట్యాంకు కింద, స్తంభాల మధ్య. ఎండ ఎటు తిరిగినా తగలని చోట. వాళ్ళది కొబ్బరి వ్యాపారం. ఎండుకొబ్బరి ఆరబోసే ఇంట్లో ముసలిదైన మనిషి. ఏ వేళకు నీడ ఎక్కడుంటుందో ఆవిడకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇది బాగా గుర్తుంచుకోండి. నాకు గుర్తుంది.

నేను ఆ కుర్చీని ఎండలోకి నెట్టాను. కాలితో నెట్టాను. వంగి చేత్తో జరిపి ఉంటే ఈలోగా బుద్ధి వచ్చేదేమో. ఎండకు రంగు వెలుస్తుంది, వంకర పోతుంది, పగులుతుంది అనుకున్నాను. కుర్చీ పాడవ్వాలనుకున్నాను. అంతే అనుకున్నానా? ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నా నాకు నేను ఆ ఒక్క జవాబే ఇచ్చుకుంటాను. పిల్లాడి మాట తలపుకే రాలేదని. రాలేదా? ఇంట్లో ఆ కుర్చీ మీద కూర్చునేవాడు ఇంకెవడున్నాడు?

మెట్లగది నీడలో చతికిలబడి ముక్కలు తిరగేస్తున్నాను. అరగంట గడిచిందేమో, బుజ్జిగాడు ఒక్కో మెట్టూ చేతులతో పాకుతూ పైకి వచ్చాడు. నన్ను చూడలేదు. కుర్చీని చూశాడు. కష్టపడి నిక్కరు కిందికి లాగుకున్నాడు. ఎవరూ తీసుకెళ్ళకుండా, ఎవరూ చెప్పకుండా తనంతట తాను వెళ్ళడం అదే మొదటిసారి. రెండు నెలలుగా ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నది దాని కోసమే.

'ఆగు నాన్నా' అనడానికి ఎంతసేపు పడుతుంది?

నేను అనలేదు. ఇప్పటికీ ఎందుకో తెలియదు అని రాయబోయి ఆగాను. తెలుసు. ఒక్కసారి చురుక్కుమంటే వాడు ఆ కుర్చీ జోలికి వెళ్ళడనిపించింది. ఆ ఆలోచన పూర్తిగా మాటల్లో రాలేదు. రాకపోయినా వచ్చింది. చురుక్కుమంటుంది అనుకున్నాను. కాలుతుందనుకోలేదు. ఈ తేడా కింద ఇన్నేళ్ళు తలదాచుకున్నాను. దాని కింద నిలవనీడ లేదు.

వాడి కేక కింది వాటా దాకా వినిపించింది. నేను లేచేలోపే వదినగారు వట్టి కాళ్ళతో ఆ కాలే డాబా మీద పరుగెత్తుకొచ్చి వాణ్ణి ఎత్తుకున్నారు. తొడల వెనక చర్మం కందిపోయి, సాయంత్రానికి బొబ్బలెక్కింది. డాక్టరు మందు రాసి ఇచ్చాడు. అమ్మాయి బ్యాంకు నుంచి ఏడుస్తూ వచ్చింది. కుర్చీ ఎండలో ఎవరు పెట్టారంది.

వదినగారు వెంటనే నా వైపు తిరిగారు.

"వదినగారూ, నేను ట్యాంకు కింద పెట్టేను కదండీ? మీరు పైకొచ్చేరు కదా, చూసేరు కదండీ?"

ఆవిడ గొంతులో కోపం లేదు. అనుమానం కూడా లేదు. సాక్ష్యం అడిగారంతే.

"ఏమోనండి వదినగారూ. నేను వచ్చేసరికి ఎండలోనే ఉందండి. మీరలా పెట్టి దిగడం చూసినట్టే గుర్తండి నాకు."

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూశారు. అబద్ధం వెతుకుతున్నారనుకున్నాను. కాదు. తన జ్ఞాపకాన్ని వెతుక్కుంటున్నారు. దొరకలేదు. తల వంచుకుని, "ఆయ్... అలాగేనేమోనండి" అన్నారు.

ఎదురు తిరిగి ఉంటే బాగుండేది. 'మీరే జరిపేరు' అని జుట్టు పట్టుకుని ఉంటే నేనూ గొంతు చించుకుని అరిచేదాన్ని, ఆ అరుపుల్లో ఏదో ఒకటి బయటపడేది. ఆవిడ ఒప్పేసుకున్నారు. నా తప్పును అంత మర్యాదగా ఒప్పుకున్న మనిషి ఇంకొకరు లేరు, నాతో సహా.

ఆ రాత్రి అల్లుడు ఫోనులో వాళ్ళమ్మను నిలదీశాడు. "ఎండ సంగతి నీకు చెప్పాలా అమ్మా? కొబ్బరి ముక్క నల్లబడకుండా చూస్తావు గానీ పిల్లాణ్ణి చూడలేవా?" స్పీకరులో అందరం విన్నాం. నేను పక్కగదిలో దుప్పట్లు మడతపెడుతున్నాను. ఆ మడతలకు మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది.

నేనేమైనా గెలిచానా? కుర్చీని చూస్తే వాడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చేవాడు. పీట వేసి నా కాళ్ళ మీద కూర్చోబెట్టబోతే కూడా అంతే. రోజుల తరబడి బిగబట్టుకుని, పొట్ట ఉబ్బి, ఆసుపత్రిలో ఎనీమా ఇప్పించాల్సి వచ్చింది. ప్లేస్కూలు దసరా దాకా వాయిదా పడింది. తరవాత వాడు మామూలైపోయాడు. పిల్లలు మర్చిపోతారు.

ఆవిడ మర్చిపోలేదు. తను మర్చిపోయే మనిషినని ఎప్పటికీ మర్చిపోలేదు. గ్యాసు కట్టేశాక వెనక్కి వెళ్ళి మళ్ళీ చూడటం మొదలుపెట్టారు. బుజ్జిగాడికి మందు వేసి, వేశానా అని అమ్మాయిని అడిగేవారు. వేసేది ఆవిడే. మొదట్లో అమ్మాయి ఓపికగా చెప్పింది. తరవాత పిల్లాణ్ణి ఆవిడకు ఒంటరిగా వదలడం మానేసింది. చెయ్యడానికి పని లేక వదినగారు అంబాజీపేట వెళ్ళిపోయారు. అక్కడా అంతేనట. కొడుకు సెలవు మీద వచ్చి కాకినాడలో పెద్ద డాక్టరుకు చూపిస్తే పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నారు. ఏమీ లేదని నాకు ముందే తెలుసు. ఆ జబ్బుకు ఉన్న ఒకే ఒక్క నిపుణురాలిని నేను. నా దగ్గరికి రాలేదు.

మొన్న వేసవిలో ఆవిణ్ణి చూడటానికి వెళ్ళాను. చెప్పెయ్యాలనే వెళ్ళాను. చిక్కిపోయారు. బీరువా తాళం వేసి, పడిందో లేదో నన్ను లాగి చూడమన్నారు. "మీరు చూసి చెప్తే నమ్మకమండి, నా కళ్ళని నేను నమ్మలేనండి" అన్నారు. కాసేపటికి ఆ పాత సంగతి ఆవిడే ఎత్తారు. కుర్చీ ఎలా కడిగిందీ, ఎండలో ఎక్కడ పెట్టిందీ, పెట్టి ఎలా మెట్లు దిగిందీ, అన్నీ కళ్ళకు కట్టినట్టు చెప్పారు. నేను చెప్పిన అబద్ధం ఒక్క ముక్క. ఆవిడ దానికి గోడలు కట్టి, కప్పు వేసి, అందులో కాపురం ఉంటున్నారు.

"కాదండి వదినగారూ. మీరు నీడలోనే పెట్టేరు. నేను కాలితో జరిపేనండి" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "నా బాధ చూడలేక తప్పు మీ నెత్తినేసుకుంటున్నారండి. అంతటి మనసండి మీది."

"నిజమండీ" అన్నాను.

"ఆయ్, ఆయ్" అని నన్ను ఓదార్చారు.

కోపం వచ్చింది నాకు. ఆ మంచితనం మీద ఒళ్ళు మండింది. ఇది కూడా ఒప్పుకోవాలి: ఆవిడంటే నాకు అప్పుడూ ఇష్టం లేదు, ఇప్పుడూ లేదు. ఇష్టం లేని మనిషికి చేసిన అన్యాయం తక్కువ బరువుంటుందనుకున్నాను. ఉండదు.

చెబితే నమ్మేవాళ్ళు ఇద్దరున్నారు. మా అమ్మాయి, అల్లుడు. వాళ్ళకు చెప్పలేదు. బుజ్జిగాడు ఇప్పుడు నా భుజం దాకా ఎదిగాడు, సెలవులకు వస్తే నా పక్కలోనే పడుకుంటాడు. వాడికి తెలుస్తుందని భయం. ఇదొక కారణమే గానీ సాకుగా కూడా చాలదని నాకు తెలుసు.

ఆవిడ నమ్మలేదు. నమ్మేవాళ్ళకు నేను చెప్పలేదు. అందుకని మీ దగ్గరికి వచ్చాను. జాలిపడకండి. నన్ను మంచిదాన్ని చెయ్యకండి, ఆ పని ఒకరు చేసేశారు. నమ్మండి, అంతే చాలు.

ఆవిడ కుర్చీని నీడలోనే పెట్టారు. ఎండలోకి జరిపింది నేను. పిల్లాడు కూర్చోబోతుంటే చూశాను, నోరు విప్పలేదు. తరవాత నోరు విప్పి అబద్ధం చెప్పాను.

ఈ మాటలు ఒకదాని పక్కన ఒకటి పెట్టడం నాకు ఇదే మొదటిసారి. వీటికీ వీటికీ మధ్య ఎప్పుడూ ఒక 'కానీ' ఉండేది. ఇవాళ తీసేశాను. కాస్త ఊపిరాడుతోంది.