ఎర్రచుక్క రేవులో వీరబాబు

కనకాలపేట వీరబాబు గారు ముప్పై ఏళ్లు చేపల వేట బోటుకు సరంగు. బోటు ఆయన చెప్పినట్టు నడవాల్సిందే. పోయినేడు సముద్రం మీద గుండెనొప్పి వస్తే కళాసీలు మోసుకొచ్చి ఒడ్డున దించారు. మళ్లీ వేట మాటెత్తొద్దన్నాడు డాక్టరు. అప్పటినుంచి మనిషి ఒకటే చిర్రుబుర్రులు. ఎవరు పలకరించినా, నా బోటు నేను ఒడ్డుకు తేలేకపోయాను అన్న బాధే.

నేను బళ్లో సైన్సు టీచర్ని. ఊరివాళ్లతో వేయించడానికి నాటకం రాసి, ఓడ కెప్టెన్ వేషం ఆయనకిచ్చాను. కథ అంతరిక్షంలోది. మన సూర్యుడికి దగ్గర్లో ఒక చిన్న ఎర్ర నక్షత్రం. దాని చుట్టూ తిరిగే గ్రహంలో ఒక సగం ఎప్పుడూ పగలే, రెండో సగం ఎప్పుడూ రాత్రే. నడుమ మునిమాపు వెలుగుండే సన్నటి పట్టీలో మన 'గౌతమి' ఓడ దిగాలి. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే, అక్కడ చేపలుంటాయా అని. ఉంటాయని రాసేశాను, నా సొమ్మేం పోయింది?

పేచీ ఓడవాళ్ల వేషాలకు తెచ్చిన బూట్ల దగ్గరొచ్చింది. ముచ్చటపడి వెండిరంగు వేయించాను వాటికి. రిహార్సల్లో ఈయన వాటిని కిందే విప్పేసి వట్టి కాళ్లతో ఓడెక్కాడు. వెనకున్న వేషగాళ్లూ వేటకెళ్లేవాళ్లేగా, వాళ్లూ విప్పేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. అంతరిక్షంలో కాళ్లు గడ్డకట్టుకుపోతాయని అరిచాను. బూట్లు వేసుకోకపోతే కెప్టెన్ వేషం పక్కనున్న జోయల్‌కి ఇచ్చేస్తానన్నాను.

ఆయన కోప్పడలేదు. "బోటంటే తల్లండి టీచర్ గారూ. సెప్పులేసుకుని ఎక్కితే అదెందుకండి నన్ను ఒడ్డుకు సేరుత్తాది?" అన్నాడు.

అంతే. బూట్లు అటకెక్కాయి.

నాటకం రోజు జనం కిక్కిరిసిపోయారు. ఎర్రదీపం వెలిగింది. నక్షత్రం మంటలు కక్కింది, ఓడ ఊగిపోయింది. ఈయన చుక్కాని పట్టుకుని, ఒక్కొక్కరినీ పేరు పెట్టి కేకేస్తూ, నిజం తుపానులో నడిపినట్టే నడిపాడు. ఓడ మునిమాపు నేల మీద దిగింది. అక్కడితో తెర పడాలి. పడనిస్తేగా మహానుభావుడు! తెర లాగే ఫ్రాన్సిస్‌ని చేత్తో ఆపి, ముందు తనవాళ్లందరినీ దింపాడు. ఆఖరున తను, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, దిగాడు.

ముందు వరసలో నా పక్కన ఆయన భార్య నాగమణి. నవ్వుతోంది, కళ్లనిండా నీళ్లు.

"ఇయ్యాల ఇంటికొచ్చాడండి మా ఆయన," అంది.